నా వెనక గాలే

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. తోకాయన గురించి మంచి చెబితే, ఎక్కడున్నాడో అక్కణ్ణుంచి లేచి వచ్చి మరీ తిడతాడు. "నేనేం పాపం చేశానని నన్ను పొగుడుతున్నారు?" అంటాడు. అందుకని ఉన్నదున్నట్టు చెప్పుకోవడమే ఆయనకి మనం చేసే మర్యాద.

కొండ ఎక్కేవాళ్ళ వెనక నడవడం ఆయన పని. వరసలో అందరికంటే ముందు గైడు, మధ్యలో డబ్బిచ్చి ఆయాసం కొనుక్కున్న జనం, అందరికంటే చివర ఈయన. జంతువుకి తోక ఎలాగో జట్టుకి తోకాయన అలాగ. ఈగలు తోలడానికే పుట్టానని ఆయనే చెప్పుకునేవాడు. ఈగలంటే ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

జట్టుకి ఒక కట్టుబాటుండేది. తోకాయన వెనక మనిషన్నవాడు ఉండకూడదు. ఎవరైనా బూటు లేసు కట్టుకోడానికి ఆగితే ఈయన ఆగాలి. ఎవరైనా బండ చాటుకి వెళితే ఈయన మొహం అటు తిప్పుకుని నిలబడాలి. సాయంత్రం గుడారాల దగ్గరికి అందరికంటే చివర చేరి, చేతికర్ర నేలకి తాటించి, "నా వెనక గాలే!" అని అరవాలి. ఆ అరుపు వినపడేదాకా వంటవాడు గిన్నె మీద మూత తియ్యడు. ముందొచ్చినవాళ్ళు ఆకలితో ఎంత నకనకలాడినా సరే, కంచం పట్టుకుని దారి వంక చూస్తూ కూర్చోవలసిందే.

ఎక్కడానికొచ్చే జనం మీద ఆయన అభిప్రాయం ఎప్పుడూ మారలేదు. "మేడ మీద ఆరేసిన బట్టలు తెచ్చుకోడానికి బద్ధకం. వీళ్ళకి కొండ కావాలి" అనేవాడు. తాను దూర సందు లేదు మెడకో డోలు అన్నట్టు, ఒంటినిండా కెమెరాలూ గొట్టాలూ గుండె కొట్టుకోవడం లెక్కపెట్టే గడియారాలూ తగిలించుకొచ్చేవాళ్ళని చూస్తే ఆయనకి పండగ. "బాబుగారూ, గుండె కొట్టుకుంటోందో లేదో గడియారం చూసి తెలుసుకోవాలా? ఆగిపోతే నేను చెప్తాగా." దేనికైనా 'గారు' తగిలించి తిట్టడంలో ఆయనకి సాటి లేదు. "అమ్మగారూ, ఆ రాయి మీకంటే ముందు పైకి చేరేలా ఉంది. కాస్త దారివ్వండి దానికి."

గైడు ఆయనకి స్వయానా బామ్మర్ది, భార్య తమ్ముడు. చిన్నప్పుడు కొండ మీద అడుగెలా వెయ్యాలో నేర్పింది ఈయనే. ఇప్పుడు జట్టు అతని చేతికొచ్చింది.

"బావా, కాస్త నోరు కట్టుకో. జనం మళ్ళీ రారు."

"రాకపోతే కొండకి హాయి."

"మనకి?"

"నువ్వు నీ కళ్ళద్దాలు అమ్ముకో." అతను తల మీద ఎప్పుడూ నల్లకళ్ళద్దాలు పెట్టుకు తిరిగేవాడు. కళ్ళకి పెట్టుకోగా చూసినవాళ్ళు లేరు.

ఇంతకీ అందరి నడకనీ వెక్కిరించే ఈ పెద్దమనిషి ఊపిరితిత్తులు పాడైపోయి కొన్నేళ్ళయింది. గురివింద గింజ తన కింది నలుపెరగదంటారు. ఈయన బాగానే ఎరుగును. ఎరిగే, ఆ నలుపు మీదే కూర్చున్నాడు. చివరి మజిలీ దాకా ఎలాగో నెట్టుకొచ్చేవాడు. అక్కణ్ణుంచి శిఖరం దాకా ఉన్న ఏటవాలు మీద గాలి పల్చబడుతుంది. అక్కడ ఆయన రొమ్ము చిల్లుపడ్డ కొలిమితిత్తి అయిపోయేది. ఎంత లాగినా లోపలికి ఏమీ వచ్చేది కాదు.

ఎవరికీ తెలియలేదు. ఎలా తెలుస్తుంది? తోక మనిషి నడిచేది అందరికంటే నెమ్మదైనవాడి నడకతో. ఒక మనిషి వెనకబడుతున్నాడని కనిపెట్టాలంటే అతని వెనక ఇంకొకడుండాలి. ఆయన వెనక గాలే.

పైగా జట్టులో ఇంకో పద్ధతుంది. చివరి మజిలీలో ఎవరైనా "ఇంక నావల్ల కాదు" అంటే వాళ్ళని కిందికి దించే బాధ్యత తోకాయనది. ఈ పద్ధతిని ఆయన తన పాలిటి దేవుణ్ణి చేసుకున్నాడు. బయల్దేరిన రోజే గుంపులో అందరికంటే నెమ్మదైనవాణ్ణి పట్టుకునేవాడు. రోజంతా వాడి వెనకే నడుస్తూ, ఉలితో చెక్కినట్టు మాటలతో చెక్కేవాడు. చివరి మజిలీ చేరేసరికి ఆ మనిషిలో పట్టుదల అన్నది పొట్టుగా రాలిపోయి ఉండేది. తెల్లారి గుడారంలోంచి తల బయటపెట్టి, "నేను రాను" అనేవాడు. అప్పుడు తోకాయన శిఖరం వంక ఓ చూపు చూసి, ఓ నిట్టూర్పు విడిచి, "చూశావా బామ్మర్దీ! శిఖరం కళ్ళ ముందు పెట్టుకుని దిగిపోవలసి వస్తోంది. ఏం చేస్తాం, బాధ్యత" అనేవాడు. అంతటి త్యాగమూర్తిని చూసి జనం టోపీలు తీసేవాళ్ళు. ఆయన ఆఖరిసారి శిఖరమెక్కింది ఎప్పుడో ఎవరికీ గుర్తులేదు. అడగాలని ఎవరికీ తోచలేదు.

సంగతి బయటపడితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. ఊళ్ళో జట్టుకి ఒక సామాన్ల గది ఉంది. కిటికీ లేదు. గోడల పొడుగునా అద్దె బూట్లు, నేల మీద తడి గుడారాలు. కొండ దిగినవాళ్ళు విప్పి పడేసిన బూట్లలో చెయ్యి పెట్టి తుడిచి, పౌడరు చల్లి, జతలు కలిపి అరల్లో పెట్టాలి. అదివరకు కాలు విరిగిన ఒక మోతగాణ్ణి అందులో కూర్చోబెట్టారు. తోకాయన ఆ గుమ్మం దాటి లోపలికి వెళ్ళేవాడు కాదు, బయటే నిలబడి సామాను అడిగేవాడు. "కొండ మీద ఛస్తే రాయి పెడతారు. ఇక్కడ ఛస్తే వాసనక్కూడా తెలియదు" అనేవాడు.

ఇంట్లో మాత్రం దాగలేదు. ముందు గదిలో భార్య కుట్టుమిషను పెట్టుకుని, జట్టు గుడారాలకి జిప్పులు వేసేది. గదంతా గుడారం గుడ్డ పరుచుకుని ఉంటే దాని మీంచే నడిచి వంటింట్లోకి పోవాలి. ఆ సీజను మొదట్లో ఆయన సంచీ సర్దుకుంటుంటే మిషను ఆపి అంది.

"రాత్రి నీ ఊపిరి విని పక్కింటివాళ్ళు కుళాయి కట్టమని తలుపు కొట్టారు."

"దుప్పట్లో దుమ్ము."

"దుప్పటి ఉతికి మూడ్రోజులైంది. తమ్ముడికి చెప్పేదా?"

"చెప్పు. ఆ బూట్ల గదిలో కూర్చుని రోజూ సాయంత్రం వాసనేసుకుంటూ నీ పక్కకొస్తా."

ఆవిడ దారం కొరికి తుంపింది. "రావడమంటూ ఉంటే చాల్లే, ఏ వాసనైనా." మళ్ళీ మిషను తొక్కింది. ఆయనకి ఆ మాట నచ్చలేదు. మెత్తగా ఉంది.

ఆ సీజను ఆఖరి జట్టులో వచ్చినవాళ్ళంతా దుక్కల్లా ఉన్నారు. ఏదో వ్యాయామశాల నుంచి కట్టగట్టుకుని వచ్చిన కుర్రకారు. వాళ్ళ పిక్కలు చూసి తోకాయన గుండె జారింది. ఇలాంటి వాళ్ళ వెనక రెండో రోజుకే తన బండారం బయటపడుతుంది. అంతలో అందరి వెనకగా, గొడుగు ఊపుకుంటూ ఒక పొట్టి, లావుపాటి పెద్దావిడ వచ్చింది. జుట్టు తెల్లగా, కత్తిరించుకుని ఉంది. తోకాయన మొహం వికసించింది.

ఆవిడ రైల్వే స్టేషన్లో మైకులో ప్రకటనలు చదివి రిటైరైంది. స్టేషనావిడ అన్నారంతా. మొదటి మలుపులోనే ఆయన ఉలి తీశాడు.

"అక్కగారూ, నత్తలేవో మిమ్మల్ని దాటిపోయాయి. మీవాళ్ళేనా?"

ఆవిడ ఠక్కున ఆగి వెనక్కి తిరిగింది. ఏడుస్తుందనుకున్నాడు. చాన్నాళ్ళకి చుట్టాన్ని చూసినట్టు నవ్వింది. "ఏమన్నావు తమ్ముడూ? మళ్ళీ అను."

మళ్ళీ అన్నాడు. ఆవిడ నడక పుంజుకుంది.

ఆయనకి అర్థం కాలేదు. మందు మోతాదు పెంచాడు. "అక్కగారూ, ఎన్ని గంటలు ఆలస్యంగా నడుస్తున్నారో కాస్త మైకులో చెప్తారా?"

ఆవిడ గొంతు సవరించుకుంది. లోయంతా మారుమోగింది. "దయచేసి వినండి! కొండ పైకి పోవు స్టేషనావిడ నిరవధిక ఆలస్యముగా నడుచుచున్నది. ప్రయాణికులకు కలిగిన అసౌకర్యమునకు చింతించుట లేదు!" తర్వాత మామూలు గొంతుతో, "ముప్పై ఏళ్ళు ఎవడెవడి ఆలస్యానికో నేను క్షమాపణలు చెప్పా. నా ఆలస్యానికి మాత్రం చెప్పను" అంది. పైన మలుపులో కుర్రకారు చప్పట్లు కొట్టారు.

అలా మూడు మజిలీలు. ఆయన ఎంత తిడితే ఆవిడ అంత నడిచింది. లావు మీద అన్నాడు, గొడుగు మీద అన్నాడు, వయసు మీద అన్నాడు, బండి వెనక్కి నడిచే రకం అన్నాడు. ఎండిన మొక్కకి నీళ్ళు పోసినట్టయింది తప్ప ఒక్క ఆకూ రాలలేదు. చివరి మజిలీ చేరేసరికి ఆయన దగ్గర తిట్లు అయిపోవచ్చాయి, ఊపిరి అంతకంటే ముందే అయిపోయింది. తెల్లారితే ఏటవాలు. ఈవిడ వెళతానంటే తనూ వెళ్ళాలి.

ఆ సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే ఇద్దరూ వంట గుడారం బయట బండ మీద కూర్చుని టీ తాగారు.

"మా ఆయన ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దేవారు" అంది ఆవిడ, అడక్కుండానే. "ఇంటికొచ్చి నన్ను దిద్దేవారు. నా నడక తప్పు, టీ తప్పు, తలుపు వేసిన చప్పుడు తప్పు. ఒక్కరోజు ఒక్క మంచి మాటన్నారా, ఊఁహూఁ."

"అయితే పీడా వదిలిందిగా!"

"వదిలింది. నిరుడు పోయారు." ఆవిడ గ్లాసు తిప్పుతూ కూర్చుంది. "అంత గొప్పమనిషేం కాదులే. ఏడవడానిక్కూడా ఏమీ మిగల్చలేదు. కానీ ఇంటినిండా ఆ నోరుండేది. ఇప్పుడు ఫ్రిజ్ గుర్రు తప్ప చప్పుడు లేదు. అందరూ వచ్చి, కూర్చోండి, తినండి, జాగ్రత్త అంటారు. వింటుంటే ఒళ్ళు మండిపోతుంది. ఎక్కడికైనా పోదామని ఇటొచ్చా. మొదటి మలుపులో నువ్వు నత్త అన్నావు చూడు! నన్ను ఆయన పిలిచే పేరే అది."

తోకాయన టీ గొంతులో అడ్డంపడింది. ఇన్నాళ్ళూ విషం అనుకుని తను పోసింది ఈ మహాతల్లికి పాయసం. ఒళ్ళంతా చిరాకేసింది. ఆ వెంటనే, చీకట్లో స్విచ్చు చేతికి తగిలినట్టు, అసలు ఉపాయం తగిలింది.

తెల్లారగానే ఆయన వేణ్ణీళ్ళు పట్టుకుని ఆవిడ గుడారం దగ్గరికి వెళ్ళాడు. జన్మలో ఎవరికీ వేణ్ణీళ్ళు తీసుకెళ్ళిన మనిషి కాదు. కుర్రకారు అప్పటికే గైడు వెనక ఏటవాలు ఎక్కుతున్నారు.

"అక్కయ్యా, చాలా బాగా నడిచారు. ఈ వయసులో ఇంతదూరం రావడమే గొప్ప. ఇంక చాలు, విశ్రాంతి తీసుకోండి. నేను మెల్లగా కిందికి దింపుతా" అన్నాడు. ఆ గొంతు ఆయనకే కొత్తగా ఉంది, ఎవరిదో అద్దెకి తెచ్చుకున్నట్టు.

ఆవిడ మొహంలో దీపం ఆరిపోయింది. బండ మీద కూలబడి, కట్టుకున్న బూటు లేసులు విప్పడం మొదలుపెట్టింది. పనిచేసింది! ఎంత సులువు! ఇన్నేళ్ళూ అనవసరంగా గొంతు చించుకున్నాడు.

"ఆయనా ఇలాగే" అంది ఆవిడ తలొంచుకునే. "పోయేముందు వారం రోజులు మెత్తగా మాట్లాడారు. 'టీ బాగుంది, నువ్వు కాసేపు పడుకో' అన్నారు. అప్పుడు తెలిసింది నాకు, ఇంక అయిపోయిందని."

ఒక బూటు విప్పేసింది. మేజోడు బొటనవేలి దగ్గర చిరిగి ఉంది. ఆ చిరుగులోంచి బొటనవేలు కనిపిస్తోంది, చంటిపిల్ల మొహంలా.

తోకాయన దాని వంక చూశాడు. శిఖరం వంక చూశాడు. కింద ఎక్కడో ఉన్న బూట్ల గది కళ్ళ ముందు ఆడింది. భార్య 'రావడమంటూ ఉంటే చాల్లే' అనడం గుర్తొచ్చింది. తన ఖర్మని తిట్టుకున్నాడు, ఆ చిరుగుని తిట్టుకున్నాడు, ప్రెస్సు మనిషిని పేరు తెలియకుండానే తిట్టుకున్నాడు. చేతిలో వేణ్ణీళ్ళు నేల మీద పారబోశాడు.

"ఎవరు పోయారని ఆ లేసులు విప్పుతున్నావు?" అని అరిచాడు. గారు లేదు, మీరు లేదు. "ఇంత తిండి తిని, ఇంత గొడుగు మోసుకొచ్చి, బొటనవేలు చూపించి వెనక్కి పోతావా? నత్తకైనా సిగ్గుంటుంది. తొడుగు!"

ఆవిడ తలెత్తింది. దీపం వెలిగింది. "తొడుగుతున్నాగా, చావు!" అంది.

ఏటవాలు మీద ఆయన మొదట మాటకో అడుగు వేశాడు. తర్వాత అడుగుకోసారి ఆగాడు. సగం దూరంలో, దారి పక్కన గోడలా నిలబడ్డ ఒక బండ ఉంది. దాని నీడకి చేరేసరికి కళ్ళ ముందు కొండ అటూ ఇటూ ఊగింది. వీపు బండకి ఆనించి జారి కూర్చున్నాడు. ఆవిడ ముందు పది అడుగులు వేసి, వెనక చప్పుడు లేకపోవడంతో తిరిగి చూసింది. ఆయన పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి.

"ఓహో! ఇదా నీ సంగతి?" అంది మెల్లగా. "అందుకా నన్ను దింపుదామనుకున్నావు?"

"తెలిసిందిగా. ఊరంతా మైకులో చెప్పుకో. ముందు ఎక్కు."

"నువ్వు రాకపోతే నన్నెవరు తిడతారు?"

"ఇక్కణ్ణుంచే తిడతా. అదిగో మా బామ్మర్ది, నీకోసం దిగుతున్నాడు. అంతదాకా దారి ఒక్కటే, తప్పిపోవడానిక్కూడా తెలివి అక్కర్లేదు. నడు!"

ఆవిడ నడిచింది. ఆయన తిట్టాడు. ఒక తిట్టు, నాలుగు ఊపిర్లు. గొడుగుని తిట్టాడు, రైళ్ళని తిట్టాడు, బామ్మర్ది కళ్ళద్దాలని తిట్టాడు, కొండని తిట్టాడు. ఆవిడ ఒక్కో తిట్టుకీ గొడుగు పైకెత్తి చూపిస్తూ, మెట్టు మెట్టుగా పైకి పోయింది. గైడు ఆవిడ చెయ్యందుకున్నాడు. ఇద్దరూ చిన్న చుక్కలయ్యారు. ఆకాశం పక్కన ఆ గొడుగు విచ్చుకునేదాకా ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి.

దిగి వచ్చాక ఆవిడ అడిగిన మొదటి మాట, "చివర్లో వినపడలేదు. ఏమన్నావు?"

"ఏమన్నానో నాకే వినపడలేదు."

గైడు బావ పెదాల వంక చూశాడు. మొదటిసారి కళ్ళద్దాలు కళ్ళకి పెట్టుకున్నాడు.

"ఎన్నాళ్ళనుంచి బావా?"

"నీకు మీసాలు రాకముందునుంచి."

"అక్కకి తెలుసా?"

"మీ అక్కకి తెలియందేముంది. నీ అద్దాలు తియ్యి, ఏడుస్తున్నావని అందరికీ తెలుస్తోంది."

అతను తియ్యలేదు. "నువ్వింక తోక కాదు బావా. మధ్యలో నడు." కుర్రకారులో ఒక పిక్కలవాణ్ణి చివర నడవమన్నాడు. వాడు ఛాతీ విరుచుకున్నాడు. స్టేషనావిడ గొడుగు వాడికి అడ్డంపెట్టింది. "నువ్వు ముందు నడు నాయనా. నేనెలాగూ చివరే కదా."

దిగుతున్నకొద్దీ ఆయనకి గాలి తిరిగొచ్చింది. కానీ వీపు మీద ఏదో పాకుతున్నట్టు ఒకటే ఇబ్బంది. ఇన్నేళ్ళలో ఆ కొండ మీద ఆయన వెనక ఇంకొకరి అడుగుల చప్పుడు అదే మొదటిసారి. ఆగితే అవీ ఆగాయి. దగ్గితే ఓపిగ్గా నిలబడ్డాయి. అది మరీ భరించలేకపోయాడు.

"ఏమయ్యా" అంది వెనకనించి ఆ గొంతు, "అచ్చుతప్పులా అక్కడే నిలబడిపోయావేం? ఎవరైనా వచ్చి దిద్దాలా?"

ఆయన వీపు నిటారయింది. అడుగు పడింది.

సాయంత్రానికి కింది మజిలీ కనిపించింది. కుర్రకారు కంచాలు పట్టుకుని కూర్చున్నారు. వంటవాడు మూత మీద చెయ్యేసి దారి వంక చూస్తున్నాడు. తోకాయన అలవాటుగా కర్ర నేలకి తాటించి, నోరు తెరిచాడు. అబద్ధం ఎంత ఆడినా ఆ ఒక్క మాట ఆయన ఎప్పుడూ అబద్ధంగా అరవలేదు. వెనక ఆవిడ ఉంది. నోరు మూశాడు.

"నా వెనక గాలే!"

మూడు ప్లాట్‌ఫారాలకి అలవాటుపడ్డ గొంతు. కొండ ఆ మాటని అటూ ఇటూ చాలాసేపు చదివి వినిపించింది.

వంటవాడు మూత తియ్యలేదు. అతనికి తెలిసిన గొంతు అది కాదు. ఏం చెయ్యాలో తెలియక తోకాయన మొహంలోకి చూశాడు. గైడు కూడా చూశాడు.

"ఏంట్రా నా మొహంలోకి చూస్తావు?" అన్నాడు తోకాయన. "చెవుడా? ఆవిడ చెప్పింది వినపడలేదూ? మూత తియ్యి."